వేదిక మీద నా కథ చెప్పమంటున్నారు, నాకు చెప్పాలని ఉన్నది వేరే

నాగావళి ఒడ్డున (రాయగడ)

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా రాయడం, చెరిపేయడం. ఇవాళ షాపు తొందరగా మూసేసి కూర్చున్నాను, ఎలా వస్తే అలా రాసి పంపేస్తాను.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా కలిపి, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో సవర. నాకు 24 ఏళ్లు. చిన్న టైలరింగ్ షాపు ఉంది. రెండు కుట్టు మిషన్లు, ఒక పికో మిషన్. చీరలకు ఫాల్, బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు. స్కూళ్లు తెరిచే రోజుల్లో అన్నం తినడానికి కూడా టైము దొరకదు.

2013లో నాకు పన్నెండేళ్లు. ఒక హాస్టల్‌లో ఉండి చదువుకునేదాన్ని. ఏ హాస్టలో, ఏ ఊరో రాయను. అక్కడికి సరుకులు తెచ్చి దించే మనిషి వల్ల నాకూ, నాతోపాటు ఇంకో ఇద్దరికీ జరగకూడనిది జరిగింది. బిస్కెట్ ప్యాకెట్లతో, "నా ఫోన్‌లో మీ అమ్మతో మాట్లాడిస్తా" అనడంతో మొదలైంది. అంతకుమించి ఇక్కడ రాయను. పోక్సో కింద, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసు అయింది, కోర్టుకు వెళ్లాను. తీర్పేమిటో కూడా రాయను. ఎప్పుడు ఎవరికి చెప్పినా మాట తీర్పు దగ్గరే ఆగిపోతుంది. శిక్ష పడిందంటే "పోనీలే" అంటారు, పడలేదంటే "అయ్యో" అంటారు. మిగతాది ఎవరూ అడగరు. నాకు చెప్పాలని ఉన్నది ఆ మిగతాదే.

పోయిన నెల ఒక సంస్థ నుంచి ఇద్దరు మేడమ్‌లు షాపుకి వచ్చారు. నేను ఒకామెకు బ్లౌజు కొలతలు తీస్తున్నాను, ఆమె వెళ్లేదాకా బల్ల మీద ఓపికగా కూర్చున్నారు. నవంబరు 18న పెద్ద సభ ఉందట. పిల్లల మీద లైంగిక దోపిడీ జరగకుండా చూడటానికి, జరిగినవాళ్లు కోలుకోవడానికి అని ఐక్యరాజ్యసమితి 2022లో ఆ తేదీని ప్రకటించిందట. నన్ను వేదిక మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముఖానికి చున్నీ కట్టుకోవచ్చు, పేరు చెప్పక్కర్లేదు, శాలువా కప్పుతారు. "మధ్యలో ఏడుపొచ్చినా ఏం కాదమ్మా, అందరి మనసూ కదులుతుంది" అంది అందులో పెద్దామె. మంచి మనుషులే, నా చెయ్యి పట్టుకునే చెప్పింది.

"సభ అయ్యాక హాస్టళ్లలో ఏం మార్చాలో ఆఫీసర్లతో మాట్లాడతారు కదా, అక్కడ నేను కూర్చోవచ్చా?" అని అడిగాను. "అది ఆఫీసర్ల మీటింగ్ అమ్మా, నీకు బోర్ కొడుతుంది" అన్నారు.

ఆ మాట నన్ను వదలడం లేదు.

ఎందుకంటే నాకు తెలిసిన విషయాలు కొన్ని ఆ గదిలో కూర్చునే ఎవరికీ తెలియవు. మా హాస్టల్‌లో ఫిర్యాదుల పెట్టె ఉండేది. పసుపు రంగు రేకు పెట్టె, వార్డెన్ గది తలుపు పక్కనే మేకుకు తగిలించి ఉండేది. దాని తాళంచెవి వార్డెన్ గుత్తిలో. అందులో కాగితం వేయాలంటే ఆమె మంచం ఎదురుగా నడవాలి. నేనున్న నాలుగేళ్లలో అందులో పడింది ఒక్క చీటీ అని విన్నాను, పప్పులో పురుగులున్నాయని. రాసిన పిల్లను మర్నాడు ప్రేయర్‌లో నిలబెట్టారు. ఇక ఎవరు వేస్తారు? సరుకుల గది వెనకే నీళ్ల కుళాయి, అక్కడ లైటు లేదు. సరుకు వచ్చేది ఆదివారం, టీచర్లు సొంతూళ్లకు వెళ్లే రోజు. మా కేసు తర్వాత గేటు దగ్గర కెమెరా పెట్టారు. గేటు దగ్గర ఎప్పుడూ ఏమీ జరగలేదు. మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే ఆ కెమెరా ఎక్కడ పెట్టాలో ముగ్గురం చూపించేవాళ్లం.

ఇంకొకటి. దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఏమీ అనుకోకండి.

ఆ మనిషిని హాస్టల్ పిల్లలందరం "మామయ్య" అనేవాళ్లం. మన దగ్గర పాలవాడు మామయ్యే, బస్సు కండక్టరు మామయ్యే. స్టేషన్‌లో నేను తెలుగులో చెప్పాను. అక్కడ తెలుగు కొంచెం తెలిసిన ఒకాయన ఒడియాలో చెబుతుంటే ఇంకొకాయన రాసుకున్నాడు. "మామయ్య"ను "మాము" అని రాశారు. ఒడియాలో మాము అంటే అమ్మ తమ్ముడో అన్నో. రెండేళ్ల తర్వాత కోర్టులో అవతలి వకీలు అడిగాడు, మీ అమ్మకు అన్నదమ్ములు ఎంతమంది అని. ఎవరూ లేరన్నాను. మరి నీ కాగితంలో ఉన్న ఈ మాము ఎవరు, లేని మనిషి మీద కేసు పెట్టావా అన్నాడు. నాకు పద్నాలుగేళ్లు. ఒడియా మాటలన్నీ అర్థమవుతున్నాయి, ఆయన ఏం అడుగుతున్నాడో అర్థం కావడం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఒక తెలుగు గుమస్తా ఉండబట్టలేక, "అయ్యా, తెలుగువాళ్లు అందరినీ మామయ్యే అంటారు" అన్నాడు. ఆయన ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? పదేళ్లు దాటింది, ఇప్పటికీ నాకు ఆ గుమస్తా చెప్పుల శబ్దం గుర్తొస్తుంది.

జరిగినదాన్ని మొత్తం ఎనిమిది సార్లు చెప్పాను. వార్డెన్‌కి, హెడ్మాస్టరుకి, నాన్నకి, స్టేషన్‌లో, ఆసుపత్రిలో, బాలల సంక్షేమ సమితి ముందు, మేజిస్ట్రేటు ముందు, చివరికి కోర్టులో. ఈ సభ తొమ్మిదోది అవుతుంది.

కాబట్టి అడుగుతున్నాను. వేదికెక్కాలా వద్దా? పేరు, ముఖం విషయంలో చట్టం ఏమంటుంది? పెట్టె, కుళాయి, మామయ్య, ఈ మాటలు ఆ ఆఫీసర్ల గదిలోకి వెళ్లాలంటే ఏ దారి? మీలో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే చెప్పండి.

పెద్దమ్మ (గుణుపూర్)

తల్లీ, చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నీ మంచి కోరి చెబుతున్నాను, వద్దమ్మా. రాయగడ ఎంత ఊరు? చున్నీ కట్టుకున్నా నడకను బట్టి పోల్చేస్తారు. పెళ్లి కావలసిన పిల్లవి. నీ షాపు, నీ సంపాదన, చక్కగా నిలబడ్డావు. ఆ ఆఫీసర్లు ఇవాళ వింటారు, రేపు బదిలీ అయిపోతారు. నువ్వు అదే వీధిలో ఉండాలి.

నల్లకోటు (పర్లాకిమిడి)

చెల్లెమ్మా, నేను వకీలును. పోక్సో కేసుల్లో ముద్దాయిల తరఫున కూడా వాదించాను, అది దాచను. కాబట్టి ఆ "మాము" ప్రశ్న ఎలా పుడుతుందో నాకు బాగా తెలుసు. కాగితం మీద ఏముంటే దాన్ని పట్టుకునే అడుగుతాం. రాసినవాడి తప్పు ఒక్కోసారి పిల్ల నెత్తిన పడుతుంది. నీ పోస్టు చదివాక నా పాత ఫైళ్లు రెండు తీసి చూశాను. ఒకదాంట్లో ఇలాంటి మాటే ఒకటి ఉంది. ఆ రోజు నాకది వాదనకు పనికొచ్చే పాయింటుగానే కనిపించింది.

ముందు పేరు సంగతి. పిల్లల పేరు, ఊరు, బడి, కుటుంబం, ఫొటో, ఆనవాలు దొరికే ఏ వివరమూ మీడియాలో రాకూడదని పోక్సో 23వ సెక్షన్. తప్పితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది, పేరు రాయకపోయినా పోల్చుకునేలా రాయడం కూడా తప్పేనని. నువ్వు ఇప్పుడు మేజర్‌వి. నీ అంతట నువ్వు బయటికి చెప్పుకుంటే చట్టం అడ్డురాదు. వేరేవాళ్లు నీ పేరు వాడాలంటే మాత్రం నీ రాతపూర్వకమైన అనుమతి కావాలి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్‌లో ఉంది. ఒక్కటి మరిచిపోకు. మీరు ముగ్గురు. నువ్వు హాస్టల్ పేరు చెప్పావా, మిగతా ఇద్దరి ఆనవాలు కూడా బయటపడుతుంది. ఆ అనుమతి ఇచ్చే హక్కు నీకు లేదు. ఇక్కడ నువ్వు హాస్టల్ ఉన్న ఊరు రాయకపోవడం సరిగ్గా చేశావు.

ఇక మామయ్య. దీనికి చట్టంలో దారి ఉంది, చాలామంది వాడరు, అంతే. స్టేట్‌మెంట్ రాసేటప్పుడు అవసరమైతే అనువాదకుణ్ని పెట్టుకోవచ్చని 26వ సెక్షన్, కోర్టులో సాక్ష్యమప్పుడు 38వ సెక్షన్. 2020లో వచ్చిన పోక్సో నియమాల్లో 5వది చూడు. ప్రతి జిల్లా బాలల సంరక్షణ యూనిట్ దుబాసీలు, అనువాదకులు, కేసులో పిల్లకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ల పేర్లతో ఒక రిజిస్టరు ఉంచాలి, అది పోలీసులకూ కోర్టుకూ అందుబాటులో ఉండాలి. వాళ్లకు ఫీజు కూడా ఇవ్వాలి. దుబాసీకి పెద్ద డిగ్రీ అక్కర్లేదు. ఆ భాష మాట్లాడే చోట నివాసం వల్లో, చేసే పని వల్లో వచ్చిన భాష అయినా చాలునని అదే నియమంలో రాసి ఉంది. తెలుగు, ఒడియా, సవర, కుయి నాలుగూ వినిపించే మన సరిహద్దు జిల్లాల కోసమే రాసినట్టు ఉంటుంది ఆ వాక్యం.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ వకీలు నిన్ను నేరుగా అడిగాడన్నావు. అది కూడా కూడదు. 33వ సెక్షన్ ప్రకారం మా ప్రశ్నలు జడ్జిగారికి ఇవ్వాలి, ఆయనే పిల్లను అడగాలి. పోలీసు యూనిఫారంలో వచ్చి స్టేట్‌మెంట్ రాయకూడదు. 2012 నవంబరు 14 నుంచి, అంటే నీ కేసుకు ముందు నుంచే ఈ చట్టం అమలులో ఉంది. నీకు అందాల్సింది అందలేదు. నువ్వు తడబడటం నీ తప్పు కాదు.

ఆ సంస్థను పక్కన పెట్టు. ఒక పేజీ కాగితం రాసి జిల్లా బాలల సంరక్షణ అధికారికీ, జిల్లా న్యాయ సేవల సంస్థకూ ఇవ్వు. రసీదు తీసుకో. పిటిషన్ అక్కర్లేదు, సూచన అని రాయి.

నాగావళి ఒడ్డున (రాయగడ)

అన్నా, "నువ్వు తడబడటం నీ తప్పు కాదు" అన్న వాక్యం మా అమ్మకు చదివి వినిపించాను. ఇంతకంటే ఇప్పుడు ఏమీ రాయలేను.

పెద్దమ్మా, మీ మాట కోపంగా తీసుకోలేదు. మా అమ్మ కూడా అదే అంటుంది, అవే మాటలతో. కానీ పోయిన ఏడాది నేను ఒక హాస్టల్‌కు యూనిఫారాలు కుట్టాను, ఎనభై మూడు జతలు. కొలతలకు వెళ్లినప్పుడు వరండాలో ఫిర్యాదుల పెట్టె చూశాను. వార్డెన్ గది తలుపు పక్కనే. రంగు మారింది, చోటు మారలేదు. ఆ రోజు టేపు పట్టుకుని పిల్లల భుజాలు కొలుస్తుంటే నా చేతులు సరిగ్గా ఆనలేదు. అదొక్కటి లేకపోతే మీరు చెప్పినట్టే వినేదాన్ని.

బల్లార్షా బండి (చంద్రపూర్ జిల్లా)

చెల్లే, నేను మహారాష్ట్ర దిక్కు. మా నాన్న కాగజ్‌నగర్ నుంచి ఇక్కడి పేపర్ మిల్లు పనికొచ్చి ఇక్కడనే ఉండిపోయిండు. నాకు బండ్లు రిపేర్ చేసే షాపుంది. వయసు 41. నాకు పదేండ్లప్పుడు జరిగింది, మొదటిసారి నోరు తెరిచి చెప్పింది 38 ఏండ్లకు, నా భార్యకు. ఇంత లేటు నేనొక్కణ్నే అనుకున్న. ఆస్ట్రేలియాలో దీని మీద 2013 నుంచి 2017 దాకా ఒక పెద్ద విచారణ కమిషన్ కూర్చుంది. ఎనిమిది వేల మందికి పైగా ఒక్కొక్కరితో విడిగా, తలుపేసి, వాళ్లు చెప్పింది విన్నరు. మొదటిసారి ఎవరికైనా చెప్పుకోవడానికి సగటున దాదాపు 24 ఏండ్లు పట్టిందని లెక్క తేలింది. అది చదివిన రోజు షాపులో స్టూలు మీద అట్లనే కూర్చుండిపోయిన.

మీటింగులకు పిలిచే లిస్టుల మాలాంటి మగోళ్లు ఉండరు. పోస్టర్ల మీద ఎప్పుడూ జడేసుకున్న ఆడపిల్ల బొమ్మనే. మన కేంద్ర ప్రభుత్వమే 2007ల పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లలను అడిగి ఒక నివేదిక వేసింది. సగం కంటే ఎక్కువ మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నమన్నరు. అట్ల చెప్పినోళ్లలో సగానికి పైగా మగపిల్లలే. పోక్సో చట్టం ఆడ, మగ అని తేడా చూడదు. చూసేది మనుషులే.

నా సంగతి ఒకటి చెప్త, నీకు పనికొస్తే తీసుకో. మా గల్లీల గణపతి మండపం కాడ రాత్రి కాపలాకు పిల్లలు పడుకునేది. ఇనాం లెక్క, సంబురం. నేను గూడ అట్లనే పడుకున్నోణ్ని. మూడేండ్ల కింద నన్ను మండలి కమిటీల తీసుకున్నరు. మొదటి మీటింగ్ల నేను ఒక్కటే మాటన్న, రాత్రి పది దాటితే పద్దెనిమిదేండ్లు నిండనోళ్లు మండపం కాడ ఉండొద్దు, కాపలాకు పెద్దోళ్లు ఇద్దరిద్దరు వంతులేసుకోవాలె అని. ఎందుకని ఎవరో అడిగిండ్రు. కరెంటు వైర్లున్నయ్, ప్రమాదం అన్న. రాసుకున్నరు. మూడేండ్ల నుంచి ఒక్క పిల్లగాడు అక్కడ పడుకోలే.

నా కథ వాళ్లకు ఇప్పటికీ తెల్వదు. తెల్వాల్సిన పని లేదు. అక్కడ ఏం జరుగుతదో తెలిసిన మనిషి ఒకడు కమిటీల ఉన్నడు, గంతే కావాల్సింది. అందుకే నిన్ను మీటింగ్ల కూర్చోవద్దన్నోళ్ల మీద నాకు బాధైంది. వేదిక నీకెందుకు, ఆ కుర్చీ అడుగు.

విశాఖ ఉప్పుగాలి

అమ్మా, నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అలాంటి ఒక సంస్థలోనే. నీ షాపుకు వచ్చిన ఆ పెద్ద మేడమ్ స్థానంలో నేను చాలాసార్లు నిలబడ్డాను. కాబట్టి నా తప్పు ముందు చెప్పుకుంటాను.

ఏడేళ్ల క్రితం ఒక సభలో పందొమ్మిదేళ్ల అమ్మాయిని మాట్లాడించాం. ముఖం కనబడకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం అనుకున్నాను. లోకల్ కేబుల్ వాళ్ల కెమెరా ఒకటి వచ్చిందని నాకు తెలియదు. వాళ్లూ ముఖం చూపించలేదు. గొంతు మార్చలేదు, అంతే. ఆ సాయంత్రమే వాళ్ల వీధిలో తెలిసిపోయింది. నర్సింగ్ చదువుతుండేది, మూడు నెలలు కాలేజీకి వెళ్లలేదు. నేను వాళ్లింటికి వెళితే తలుపు తీసింది, మంచినీళ్లు ఇచ్చింది, ఒక్క మాట అంది: "అక్కా, నేనేం చెప్పాలో మీరు రాసిచ్చారు. నేను అడగాలనుకున్నది అడగనివ్వలేదు." ఏం అడగాలనుకున్నావమ్మా అన్నాను. పరిహారం డబ్బు ఎందుకింకా రాలేదని ఆ రోజు వేదిక మీద ఉన్న ఆఫీసరును అడుగుదామని వచ్చిందట. మేం ఆమెకు ఇచ్చిన కాగితంలో ఆ మాటే లేదు.

అప్పటి నుంచి మా దగ్గర పద్ధతి మార్చాం, మా పెద్దవాళ్లతో గొడవపడే మార్చాం. మాట్లాడే మనిషే తన మాట రాసుకుంటుంది. ఫోన్లు బయట పెట్టిస్తాం. తనకు నమ్మకమైన మనిషి ఒకరు పక్కన కూర్చుంటారు. చివరి నిమిషంలో రానంటే ఎందుకని అడగం. మర్నాడు, వారం తర్వాత ఫోన్ చేస్తాం. డబ్బు ఇస్తాం, శాలువా కాదు. ఆ రోజు మైకు సెట్ వాడికి డబ్బు ఇస్తాం, భోజనాల వాడికి ఇస్తాం, ఆమె ఒక రోజు షాపు మూసుకుని వస్తే ఇవ్వమా?

నువ్వు ఏ దారి అని అడిగావు. సునీతా కృష్ణన్ గారి సంగతి తెలుసు కదా, హైదరాబాదులో ప్రజ్వల సంస్థ. తన మీద పదిహేనేళ్లప్పుడు జరిగిన దారుణం గురించి ఆవిడ ఎన్నోసార్లు బహిరంగంగా మాట్లాడారు. కానీ 2015లో వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల మీద ఆవిడ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసినప్పుడు పంపింది సొంత కథ కాదు, ఆ వీడియోలు. కోర్టు దాన్ని కేసుగా తీసుకుంది. అలాంటి వీడియోల మీద పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయగలిగే కేంద్ర పోర్టల్ ఆ కేసు వల్లే వచ్చింది. నీ పసుపు పెట్టె, నీ కుళాయి అలాంటివే. అవి నీ దగ్గరున్న ఆధారాలు. అక్రమ రవాణా నుంచి బయటపడ్డ ఆడవాళ్లు బెంగాల్లో, మన ఆంధ్రాలో సొంత సంఘాలే పెట్టుకుని కొత్త చట్టం ఎలా ఉండాలో వాళ్లే చెబుతున్నారు, సాక్షులుగా పిలిస్తే వచ్చి వెళ్లడం కాదు.

ఒక హెచ్చరిక. నువ్వు ఏ హాస్టల్‌కు వెళ్లి నోరు విప్పినా, ఎవరో ఒక పిల్ల నీ దగ్గరికి వచ్చి చెప్పొచ్చు. సాధారణంగా వస్తుంది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన తర్వాత పోలీసులకు చెప్పి తీరాలి, నువ్వైనా నేనైనా. కాబట్టి "ఎవరికీ చెప్పనులే" అని ఆ పిల్లకు మాట ఇవ్వకు. నేను నీతో వస్తాను, ఇద్దరం కలిసి చెబుదాం అను. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఎప్పుడూ పనిచేస్తుంది. ఆ రోజు రాత్రి నీకు నిద్ర పట్టదు, దానికి నీ పక్కన ఎవరుంటారో ముందే అనుకో. ఆ మనిషి దొరక్కపోతే ఇప్పుడే మొదలుపెట్టకు.

పెద్దమ్మ (గుణుపూర్)

ఆ మండపం బాబు రాసింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. వేదిక వద్దు. కుర్చీ అడుగు తల్లీ. తోడు ఎవరూ లేకపోతే నేను వస్తాను, గుణుపూర్ నుంచి ఎంతసేపు. నేను ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ చేశాను, ఆఫీసర్లంటే నాకు భయం లేదు.

నాగావళి ఒడ్డున (రాయగడ)

నెల దాటింది. ఏమైందో చెబుతాను.

వేదికెక్కలేదు. ఆ మేడమ్‌లకు నేనే ఫోన్ చేసి చెప్పాను. పెద్దామె కాసేపు మాట్లాడలేదు, తర్వాత "బ్యానర్ ప్రింటయిపోయిందమ్మా" అంది. నాకూ బాధగానే ఉంది, కానీ మాట మార్చలేదు.

ఒక పేజీ రాశాను. తెలుగులో నేను రాస్తే మా చిన్నాన్న కొడుకు ఒడియాలో రాసిచ్చాడు. "మాము" దగ్గరికొచ్చేసరికి వాడే ఆగిపోయి, అక్కా దీన్ని ఇక్కడ కూడా మామయ్య అనే రాయాలి కదా అన్నాడు. ఆ ఒక్క మాట కింద గీత గీసి, మామయ్య అనే ఉంచాం. కాగితం ఇచ్చి, రసీదు తీసుకున్నాను. పది రోజులకు పిలుపు వచ్చింది. సభ రోజు కాదు, తర్వాతి వారం జరిగే సమావేశానికి.

పెద్దమ్మ నిజంగానే వచ్చారు. పొద్దున్నే బస్సు దిగి, సంచిలో నాకోసం మినప సున్నుండలు తెచ్చారు. గదిలో పదకొండు మంది. నా కథ చెప్పలేదు. "నేను హాస్టల్‌లో చదువుకున్నాను, ఒక కేసులో సాక్ష్యం చెప్పాను" అన్నాను, అంతే. తర్వాత పెట్టె, తాళంచెవి, కుళాయి, ఆదివారం, మామయ్య. బల్లార్షా అన్నా, మగపిల్లల హాస్టళ్లలో కూడా ఇవే చూడాలని మీ తరఫున చదివాను. ఇద్దరు ఫోన్లు చూసుకుంటూనే ఉన్నారు. ఒకాయన మాత్రం పెన్ను తీసి, "సరే, పెట్టె అక్కడ వద్దు. మరి ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉందనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేను చెప్పేది 2013 నాటి మా హాస్టల్ సంగతి. ఇప్పటి పిల్లలను అడగండి సార్ అన్నాను.

అలా ఒక హాస్టల్‌కు వెళ్లాం, ఆయన, ఒక మేడమ్, నేను, పెద్దమ్మ. వార్డెన్‌ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, పెద్ద క్లాసుల అమ్మాయిలను ఒకటే అడిగాం. ఎవరూ చూడకుండా, ఎందుకు వెళ్లావని ఎవరూ అడగకుండా మీరు రోజూ వెళ్లే చోటు ఏది? చాలాసేపు నవ్వుకున్నారు, ఒకరినొకరు తోసుకున్నారు. తర్వాత ఒక పిల్ల వేలు చూపించింది. వెనక బట్టలు ఆరేసే తీగల దగ్గర. ఒంటరిగా వెళ్లినా అనుమానం రాదు, తడి బట్ట చేతిలో ఉంటే చాలు. పెట్టె ఇప్పుడు అక్కడి గోడకు ఉంది. తాళంచెవి హాస్టల్‌లో ఉండదు, వారానికోసారి వచ్చే నర్సమ్మ దగ్గర. ఒక్క హాస్టల్‌లోనే ఇది అయింది. మిగతావాటికి చేస్తామన్నారు. నేను మళ్లీ వెళ్లి అడుగుతాను.

కుళాయి దగ్గర లైటు ఇంకా రాలేదు.

వకీలన్నా, మీరు చెప్పిన ఆ రిజిస్టరు సంగతి కూడా అడిగాను. ఒడియా, ఇంగ్లీషు తెలిసినవాళ్ల పేర్లు ఉన్నాయి, తెలుగు, సవర తెలిసినవాళ్లది ఒక్కటీ లేదు. అక్కడే ఫారం ఇచ్చారు. వృత్తి అన్నచోట దర్జీ అని రాశాను. భాషలు అన్నచోట మూడు రాశాను. ఆ ఫారం నింపుతున్నప్పుడు నా చెయ్యి వణకలేదు, అది నేనే గమనించి ఆశ్చర్యపోయాను.

ఇంకా ఫోన్ రాలేదు. రాకపోతేనే మంచిది, అంటే ఏ పిల్లకూ అవసరం పడలేదన్నమాట. వస్తే వేసుకుని వెళ్లడానికి మాత్రం ఒక చుడీదార్ కుట్టి పెట్టుకున్నాను. గుడ్డ కోసం రెండు కొట్లు తిరిగాను. ఖాకీ రంగు కాకూడదు, తెల్ల కోటులా ఉండకూడదు, హాస్టల్ యూనిఫారం నీలమూ కాకూడదు. చివరికి లేత పచ్చ తీసుకున్నాను.